ఇంకొక్క టర్ను: సివిలైజేషన్ 5ను మొదటిసారి చివరిదాకా ఆడటం ఎలా

పేకాట దగ్గర కూర్చున్నవాళ్లు "ఇదే ఆఖరాట" అని ఎన్నిసార్లు అంటారో మీకు తెలుసు. ఆ మాట మీద నిలబడి లేచిపోయినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. కంప్యూటర్ ఆటల్లో అలాంటి జబ్బున్నది ఒకటుంది. దాని పేరు సివిలైజేషన్. ఒక జాతిని ఏలుతూ, ఊళ్లు కట్టి, విద్యలు నేర్పించి, వేల ఏళ్లలో పక్కరాజులను మించిపోవడమే ఆట. వంతులవారీగా సాగుతుంది, ఆ వంతునే టర్ను అంటారు. "ఇంకొక్క టర్ను ఆడి పడుకుంటా" అన్నది దీని అభిమానుల ఊతపదం. తయారుచేసినవాళ్లకూ ఈ సంగతి బాగా తెలుసు. ఐదో భాగంలో మీరు గెలిచాక వచ్చే తెర మీద "ఇంకొక్క టర్ను" అని ఏకంగా ఒక బటనే పెట్టారు. ఆట అయిపోయింది, గెలిచేశారు, అయినా ఆడతానంటే ఆడుకోండి అని!

సిడ్ మైయర్, బ్రూస్ షెల్లీ కలిసి మైక్రోప్రోస్ కంపెనీలో దీని మొదటి భాగాన్ని 1991లో తెచ్చారు. మొదట్లో ఇది టర్నుల ఆటే కాదు. సిడ్ మైయర్ చేసిన తొలి నమూనాలో కాలం దానంతటదే నడిచిపోయేది, ఆడేవాడు చూస్తూ కూర్చోవాల్సి వచ్చేది. నచ్చక పక్కన పెట్టేసి, తర్వాత టర్నుల పద్ధతిలో మళ్లీ రాశాడు. ఆ ఒక్క మార్పుతోనే ఆటకు ప్రాణం వచ్చిందని నా నమ్మకం. మీరు నొక్కేదాకా ప్రపంచం కదలదు. ఆలోచించుకోవడానికి ఎంతసేపైనా ఆగుతుంది. ఆగుతుంది కాబట్టే మీరు లేవరు.

ఎందుకు లేవరో ముందే చెప్తాను, ఎలా ఆడాలన్నదంతా దాని మీదే నిలబడి ఉంది. వంటింట్లో నాలుగు పొయ్యిల మీద నాలుగు గిన్నెలు పెట్టారనుకోండి. అన్నం దించేలోపు పప్పు ఉడుకుతుంది, పప్పుకు తాలింపు వేసేలోపు పాలు పొంగొస్తాయి. మధ్యలో వదిలేసి పోదామంటే ఏ క్షణమూ కుదరదు. ఈ ఆటా అంతే. ధాన్యపు కొట్టు ఇంకో మూడు టర్నుల్లో పూర్తవుతుంది, విలువిద్య ఐదు టర్నుల్లో వస్తుంది, కొత్త ఊరు కట్టబోయేవాళ్లు రెండు టర్నుల్లో అక్కడికి చేరతారు. ఏదీ ఇంకోదానితో కలిసి పూర్తి కాదు. ఎక్కడ ఆపుదామన్నా ఏదో ఒకటి "అయిపోవచ్చింది" అంటుంది. ఈ పొయ్యిలు ఆరకుండా చూసుకోవడమే ఆట నేర్చుకోవడం. మీకు ఆట విసుగనిపించిందంటే రెండు మూడు పొయ్యిలు ఖాళీగా ఉన్నాయని అర్థం.

ఏ భాగం, ఏ యంత్రం

ఇప్పటికి ఏడు భాగాలొచ్చాయి. ఏడోది 2025 ఫిబ్రవరిలో వచ్చింది. కొత్తవాళ్లకు నేను మాత్రం 2010లో వచ్చిన ఐదోదే చెప్తాను. 2 జీబీ ర్యామ్, పాత కోర్ 2 డ్యుయో ప్రాసెసర్ ఉన్నా నడుస్తుందని కంపెనీయే కనీస అర్హతల్లో రాసింది కాబట్టి, అటక మీద పడేసిన ల్యాప్‌టాప్‌నైనా దింపొచ్చు. ఆరో భాగంలో నగరం కట్టేటప్పుడే విద్యకో జిల్లా, వాణిజ్యానికో జిల్లా అని స్థలం లెక్క వేసుకోవాలి. అదీ బాగుంటుంది కానీ మొదటి ఆటకు తల వాచిపోతుంది.

కొనేటప్పుడు "కంప్లీట్ ఎడిషన్" అని ఉన్నదే తీసుకోండి. 2012లో "గాడ్స్ అండ్ కింగ్స్", 2013లో "బ్రేవ్ న్యూ వరల్డ్" అని రెండు పెద్ద చేర్పులు వచ్చాయి. అవి లేని ఐదో భాగం ఉప్పు లేని పప్పే. ఆటలు అమ్మే ఇంటర్నెట్ దుకాణం స్టీమ్‌లో పండగ సేల్ పెట్టినప్పుడు ధర బాగా దిగుతుంది, అప్పటిదాకా ఆగొచ్చు. కంప్యూటర్ మరీ పాతదైతే మొదలయ్యేటప్పుడు డైరెక్ట్ఎక్స్ 9 ఎంచుకోండి. ఆట మధ్యలో ఎఫ్10 నొక్కితే బొమ్మలన్నీ పోయి బోర్డు ఆటలా చదునైన మ్యాప్ వస్తుంది. అది యంత్రానికి తేలిక. నిజం చెప్పాలంటే కంటికీ తేలికే.

కంప్యూటర్ లేదా? ఆండ్రాయిడ్ ఫోన్‌లో "అన్‌సివ్" అని ఉచితంగా దొరుకుతుంది. అభిమానులు ఓపెన్ సోర్స్‌గా రాసుకున్నది. ఐదో భాగం నియమాలనే చాలావరకు అనుసరిస్తుంది. బొమ్మలు సాదాసీదాగా ఉంటాయి, పాటలూ హంగులూ తక్కువ. బస్సు ప్రయాణంలో కాలం ఇట్టే గడిచిపోతుంది, దిగాల్సిన స్టాపుతో సహా.

మొదలెట్టే ముందు తెర మీద ఏం పెట్టుకోవాలి

కష్టం స్థాయిలు ఎనిమిది: సెట్లర్ నుంచి డీటీ దాకా. నాలుగోదైన ప్రిన్స్‌లో కంప్యూటర్‌కూ మీకూ దాదాపు సమానం. అది దాటితే కంప్యూటర్ తెలివి పెరగదు, దానికి ఉచితంగా ఇచ్చే సరుకే పెరుగుతుంది. మొదటి ఆటకు మూడోది, అంటే వార్‌లార్డ్ పెట్టుకోండి. అన్నిటికన్నా కింది స్థాయిలో ఆడితే తప్పు చేసినా శిక్ష పడదు, శిక్ష లేకపోతే ఏం తప్పు చేశారో తెలియదు.

మ్యాప్ పాంజియా, అంటే అందరూ ఒకే ఖండం మీద. ఓడల గొడవ ఉండదు. సైజు స్మాల్, మీతో కలిపి ఆరుగురు. వేగం స్టాండర్డ్: క్రీ.పూ. 4000 నుంచి క్రీ.శ. 2050 దాకా 500 టర్నులు. క్విక్‌లో 330కే అయిపోతుంది కదా అని ఆశపడకండి. ఆ వేగంలో మీ విలుకాళ్లు శత్రువు కోట దాకా నడిచేసరికి విలువిద్యకే కాలం చెల్లుతుంది.

ఇక ఏ దేశం? తెలుగువాళ్లం కాబట్టి చెయ్యి ఇండియా మీదకే పోతుంది. నాదీ పోయింది. ఇక్కడ గాంధీ ఏలే ఇండియాకు ఒక మెలిక ఉంది. కొత్త నగరం కట్టినప్పుడల్లా వచ్చే అసంతృప్తి అందరికన్నా రెట్టింపు, జనాభా వల్ల వచ్చేది సగం. కొన్ని ఊళ్లే కట్టి వాటినే మహానగరాలు చేస్తే మొదటి వంద టర్నులు కష్టం, తర్వాత రాజయోగం. తెలిసి ఆడితే బాగుంటుంది, తెలియకుండా మొదలెడితే ఏడిపిస్తుంది. కాబట్టి మొదటి ఆటకు పోలండ్ తీసుకోండి. కొత్త యుగంలోకి అడుగుపెట్టిన ప్రతిసారీ ఒక విధానం (రాజ్యానికి శాశ్వతంగా లాభమిచ్చే ఏర్పాటు) ఉచితంగా వస్తుంది, ఎలా ఆడినా పనికొస్తుంది. ఇండియాను రెండో ఆటకు దాచుకోండి. అప్పుడు మీరు కట్టే ఊళ్ల పేర్లలో విజయనగర, హైదరాబాద్ కూడా వస్తాయి. రాకపోయినా ఏం, నగరం తెరలో పేరు మీద నొక్కి మీ ఊరి పేరు ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేసుకోవచ్చు. మా ఊరికి క్రీ.పూ. 3000 నాటి చరిత్ర ఉందని నేను అలాగే నిరూపించుకున్నాను.

మొదటి టర్ను

మీ చేతిలో ఇద్దరే ఉంటారు. ఊరు కట్టే సెట్లర్ ఒకరు, కర్ర పట్టుకున్న వారియర్ ఒకరు. ముందు వారియర్‌ను కదపండి, చుట్టూ చీకటి కొంచెం తొలగుతుంది. ఆ తర్వాతే సెట్లర్ సంగతి.

గడులన్నీ షడ్భుజాలు. సిరీస్‌లో చదరపు గడులు పోయి ఇవి వచ్చింది ఐదో భాగంతోనే. నగరం తన చుట్టూ మూడు గడుల దూరం వరకు పొలాలూ గనులూ వాడుకోగలదు. ఎక్కడ కట్టాలి? నది పక్కన ఉన్న గుట్ట మీద. గుట్ట మీద కట్టిన నగరానికి మొదటి రోజు నుంచే ఒక ప్రొడక్షన్ (దేన్నైనా తయారుచేసే సత్తా) ఎక్కువ, రక్షణా ఎక్కువ. నది పక్కనుంటే తర్వాత వాటర్ మిల్లు, తోట వస్తాయి. పైగా సివిల్ సర్వీస్ అనే టెక్ (మీ జాతి నేర్చుకునే విద్య) దొరికాక మంచినీటి ఒడ్డున ఉన్న ప్రతి పొలానికీ ఒక తిండి పెరుగుతుంది. గుట్ట, నది రెండూ ఒక్క అడుగు దూరంలో ఉంటే ఒక టర్ను పోయినా పర్లేదు, నడవండి. మూడు నాలుగు టర్నులు వెతుక్కుంటూ తిరగొద్దు. మంచి చోటు కోసం తిరిగి తిరిగి అందరికన్నా ఆలస్యంగా ఊరు కట్టడం కొత్తవాళ్లందరూ చేసే పనే.

ఇక్కడ నాకో చిన్న అసంతృప్తి. ఈ ఆటలో నీళ్లు దేవుడిచ్చినవే. నదో చెరువో మ్యాప్‌లో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టే. రామప్ప, పాఖాల, లక్నవరం తవ్వించిన కాకతీయుల గడ్డ మీద పెరిగినవాడికి ఇది మింగుడు పడదు. గుడి, చెరువు, ఊరు మూడూ కలిపి కట్టుకుంటూ పోయిన రాజ్యాన్ని ఈ నియమాలతో ఆడలేం. ఏడో భాగంతో మౌర్యులు, చోళులు, మొఘలులు వేరువేరుగా వచ్చారు కానీ ఓరుగల్లు పేరు మాత్రం లేదు.

తొలి యాభై టర్నులు

నా లెక్కలో ఆటంతటికీ రుచి ఇక్కడే. కాబట్టి ఇక్కడ నింపాదిగా ఆడండి.

రాజధానిలో మొదట స్కౌట్‌ను, అంటే దారులు వెతికేవాణ్ణి తయారుచేయండి. ఖర్చు 25 ప్రొడక్షనే. దాన్ని ఒక వైపు, వారియర్‌ను ఇంకో వైపు పంపండి. మ్యాప్ మీద అక్కడక్కడా పాత శిథిలాలుంటాయి. వాటి మీద ముందు కాలు పెట్టినవాడికి బంగారమో, కొత్త టెక్కో, కొత్త జనాభాయో దొరుకుతుంది. తర్వాత మాన్యుమెంట్ కట్టండి, దాని 40 ప్రొడక్షన్ ఊరికే పోదు. టర్నుకు రెండు కల్చర్ ఇస్తుంది, కల్చర్ పోగైతే విధానాలు తెరుచుకుంటాయి, ఊరి పొలిమేరా పెరుగుతుంది. ఆ తర్వాత పొలాలూ గనులూ వేసే వర్కర్ ఒకరు, ఊరు మూడో జనాభాకు చేరగానే సెట్లర్.

సెట్లర్ తయారవుతున్నంతసేపు ఆ ఊరు పెరగదు, తిండంతా అటే పోతుంది. ఇద్దరే ఉన్న ఊళ్లో సెట్లర్ మొదలెడితే అందుకే ఏళ్లూపూళ్లూ పడుతుంది. లెక్క తేలిక: ఒక్కో మనిషి టర్నుకు రెండు తిండి తింటాడు, మిగిలింది పోగై ఇంకొకణ్ణి తెస్తుంది. గోధుమ, అరటి, జింక దగ్గర్లో ఉంటే గ్రానరీ (ధాన్యపు కొట్టు) ముందు కట్టండి. రెండు తిండి గ్రానరీదే, పైన ఆ ఒక్కో గడికి ఇంకొకటి.

టెక్‌ల వరుస కోసం పుస్తకం చదవక్కర్లేదు, నేల చూడండి. చుట్టూ గొర్రెలు, గుర్రాలు ఉంటే పశుపోషణ. బంగారం, వెండి గుట్టలుంటే గనుల విద్య. పత్తి, అరటి, సుగంధ ద్రవ్యాలుంటే కుండల తయారీ మీదుగా క్యాలెండర్. సముద్రం పక్కనుండి చేపలుంటే ఓడలు. మన నేల ఏమిస్తుందో దాన్నిబట్టి బడి పెట్టుకోవడమన్నమాట. మూడోసారో నాలుగోసారో ఆడుతున్నా మళ్లీ కొత్తగా అనిపించడానికి కారణం ఇదే. నియమాలు అవే, నేల వేరు. అందరికీ పనికొచ్చే ఒక్క సలహా మాత్రం ఇస్తాను: రైటింగ్ తొందరగా తెచ్చుకుని లైబ్రరీలు కట్టండి. ఊళ్లో ఇద్దరికి ఒక సైన్స్ చొప్పున వస్తుంది, సైన్స్ పోగైతేనే కొత్త టెక్‌లు వస్తాయి.

వర్కర్‌ను "ఆటోమేట్" చేసే బటన్ ఒకటుంది. మొదటి వంద టర్నులు దాన్ని ముట్టుకోవద్దు. ఎక్కడ పొలం, ఎక్కడ గని అనే నిర్ణయం మీదైతేనే నగరం ఎందుకు పెరుగుతోందో, ఎందుకు ఆగిందో తెలుస్తుంది. పొయ్యి మీ చేతిలో ఉండాలి.

బార్బేరియన్ల గురించి, అంటే ఏ రాజుకూ చెందని దోపిడీమూకల గురించి ఒక మాట. మ్యాప్‌లో చీకటిగా ఉన్న చోట వీళ్ల గుడారాలు మొలుస్తుంటాయి. నా మొదటి ఆటలో సెట్లర్‌ను ఒంటరిగా అడవి దాటించబోయాను. రెండో టర్నులో ఎత్తుకుపోయారు. ఆ సెట్లర్‌కు పెట్టిన ఖర్చు 106 ప్రొడక్షన్, అంటే నా చిన్న ఊరు పదిహేను టర్నులకు పైగా చెమటోడ్చింది. అప్పటినుంచి పెళ్లికూతురిని పంపినట్టు పక్కన ఒకణ్ణి తోడిచ్చి పంపుతున్నాను. గుడారం కూల్చితే బంగారం వస్తుంది, పక్కనున్న చిన్న నగరరాజ్యం (ఒక్క ఊరే ఉన్న రాజ్యం) ఏదైనా ముందే అడిగి ఉంటే వాళ్ల మెప్పూ వస్తుంది.

నాలుగు ఊళ్లు చాలు

విధానాల్లో మొదట "ట్రెడిషన్" వరుస తీసుకోండి. వాదించేవాళ్లు ఉంటారు, "లిబర్టీ" బాగుంటుందంటారు. మొదటి ఆటకు ట్రెడిషనే. మొదటి నాలుగు నగరాల్లో కల్చర్ భవనం ఉచితంగా వస్తుంది, వరుస మొత్తం పూర్తి చేస్తే ఆ నాలుగింటికీ నీటి కాలువ ఉచితం. రాజధాని ఊరికే లావవుతుంది. ఆట నోరు తెరిచి చెప్పకపోయినా సూచన అదే: నాలుగు ఊళ్లు కట్టు, ఆగు.

ఎక్కువ కడితే ఏమవుతుంది? ప్రతి నగరానికీ మూడు పాళ్లు, ప్రతి మనిషికీ ఒక పాలు అసంతృప్తి. బ్రేవ్ న్యూ వరల్డ్ వచ్చాక ఒక్కో నగరం అదనంగా కట్టినప్పుడల్లా టెక్‌ల ఖర్చూ పెరుగుతుంది, స్టాండర్డ్ మ్యాప్‌లో ఐదు శాతం చొప్పున. సంతోషం సున్నా కిందికి పోతే జనాభా పెరగడం దాదాపు ఆగిపోతుంది. తెర పైన నవ్వే ముఖం బొమ్మ పక్కనున్న అంకె మీద ఎప్పుడూ ఒక కన్నేసి ఉంచండి.

ఆ అంకె పెంచడానికి దగ్గరి దారి విలాస వస్తువులు: పట్టు, ద్రాక్షసారా, దంతం, ముత్యాలు లాంటివి. కొత్త రకం ఒకటి దొరికితే సంతోషం నాలుగు పెరుగుతుంది. అదే రకం రెండోది దొరికితే ఏమీ పెరగదు. కాబట్టి ప్రతి కొత్త ఊరూ కొత్త విలాస వస్తువు పక్కనే కట్టండి. మిగిలిన రెండో పట్టును పక్కరాజుకు అమ్మేయండి. 30 టర్నుల ఒప్పందం, సాధారణంగా టర్నుకు ఆరేడు బంగారం ఇస్తాడు. వాళ్ల దగ్గర మిగిలింది మీరు మార్చుకోవచ్చు కూడా. రెండు మూడు టర్నులకోసారి అందరి గుమ్మాలూ తొక్కి ఎవరి దగ్గర ఏముందో చూడటం అలవాటు చేసుకోండి. కొత్తవాళ్లు చేయనిది ఇదొక్కటే, చేస్తే బంగారానికి కొదవుండదు.

నాలుగు ఊళ్లలోనూ లైబ్రరీలు అయ్యాక, ఫిలాసఫీ వచ్చిన వెంటనే రాజధానిలో నేషనల్ కాలేజ్ కట్టండి. ఆ ఊరి సైన్స్ సగం మేర పెరుగుతుంది. అన్ని నగరాల్లోనూ లైబ్రరీ ఉంటేనే కట్టనిస్తుంది కాబట్టి ఐదో ఊరు కట్టాలని చెయ్యి దురద పుట్టినా అప్పటిదాకా ఆపుకోండి.

వండర్ల సంగతి: పిరమిడ్లు, గ్రేట్ లైబ్రరీ, వేలాడే తోటలు. ప్రపంచంలో ఒక్కొక్కటి ఒక్కరే కట్టగలరు. ఎవరో మీకన్నా ఒక్క టర్ను ముందు పూర్తి చేస్తే మీ కష్టానికి కొంచెం బంగారం చేతిలో పెట్టి పంపిస్తారు. ఆ బాధ పడ్డవాడికే తెలుసు. వార్‌లార్డ్ స్థాయిలో రెండు మూడు దక్కుతాయి, అన్నీ కావాలని కూర్చుంటే సైన్యం ఉండదు, ఆ సంగతి పక్కవాడు కనిపెడతాడు.

ఇరుగుపొరుగు

రాజుల స్వభావాలు ఒక్కొక్కరివి ఒక్కోలా ఉంటాయి. మోంటెజుమా, అటిల్లా, షాకా పక్కన పడితే వాళ్లు నవ్వుతున్నా మీరు గోడలు కట్టుకోండి. అలెగ్జాండర్‌తో స్నేహం కుదిరిందని నిద్రపోవద్దు.

గాంధీ కథ మీరు వినే ఉంటారు. 1991 నాటి మొదటి ఆటలో ఆయన దూకుడు అంకె 1 అని, ప్రజాస్వామ్యం రాగానే అందులోంచి 2 తీసేస్తే లెక్క తిరగబడి 255 అయిందని, అందుకే అణుబాంబులు వేసేవాడని. అది కట్టుకథ. అలాంటి లోపమేదీ లేదని సిడ్ మైయర్ 2020లో వచ్చిన తన జ్ఞాపకాల పుస్తకంలో తేల్చిచెప్పాడు. కానీ పుకారు ఎంత పాకిందంటే, ఐదో భాగంలో గాంధీకి అణ్వాయుధాల మీద మోజు కావాలనే పదికి పన్నెండు పెట్టారు. ఆయన పక్కింట్లో ఉంటే ఆట మొదట్లో దిగులు లేదు, శాంతంగానే ఉంటాడు. చివర్లో మాత్రం యురేనియం ఎవరి దగ్గరుందో చూసుకోండి.

చిన్న నగరరాజ్యాలను చిన్నచూపు చూడొద్దు. వాళ్లతో పలుకుబడి 30 దాటితే స్నేహితులు, 60 దాటితే (ఇంకొకరు మిమ్మల్ని మించకపోతే) మిత్రరాజ్యం. తిండో, కల్చరో, సైన్యమో పంపుతారు, వాళ్ల విలాస వస్తువులూ మీవే. పలుకుబడి పెంచడానికి డబ్బు ఒక దారి, వాళ్లడిగిన పని చేసిపెట్టడం ఇంకో దారి. రెండోదాంట్లోనే ఆటుంది.

యుద్ధం వస్తే

వస్తుంది. ఒక గడిలో ఒక దళమే నిలబడగలదు కాబట్టి ఇక్కడ తల లెక్కలకన్నా నేల ముఖ్యం. గుట్ట మీదో అడవిలోనో నిలబడ్డవాడికి రక్షణలో పాతిక శాతం ఎక్కువ. నది దాటి కొట్టేవాడికి బలం తగ్గుతుంది. కాబట్టి మీ ఊరికీ శత్రువుకీ మధ్య నది ఉంటే మీరు ఇవతలి ఒడ్డునే ఉండి వాణ్ణి రానివ్వండి. ముందు ఇద్దరు కత్తివాళ్లు, వెనక ముగ్గురు విలుకాళ్లు. విలుకాళ్ల బాణం రెండు గడులు పోతుంది, తిరిగి దెబ్బ తగలదు. కంప్యూటర్‌కు ఈ లెక్క సరిగా రాదు. తన విలుకాళ్లను కూడా ముందుకు తోసుకొచ్చి పోగొట్టుకుంటుంది. రెట్టింపు సైన్యంతో వచ్చినవాణ్ణి కూడా ఐదు దళాలతో ఆపొచ్చు.

మీరే దండెత్తితే, నగరం బలాన్ని విలుకాళ్లతో, రాళ్లు విసిరే యంత్రాలతో సున్నాకు దించాక లోపలికి అడుగుపెట్టగలిగేది కత్తివాడో గుర్రపువాడో మాత్రమే. పది మంది విలుకాళ్లను తీసుకెళ్లి, కోట కూలాక లోపలికెళ్లేవాడు లేక నోరెళ్లబెట్టినవాళ్లు ఉన్నారు. పేర్లెందుకు. ఇంకోటి, అకారణంగా ఊళ్లు లాక్కుంటే మిగిలిన రాజులందరూ గుర్తుపెట్టుకుంటారు, రెండొందల టర్నుల తర్వాత కూడా పట్టు కొనరు.

గెలవడం

దారులు నాలుగు. అందరి అసలు రాజధానులూ పట్టుకోవడం. అంతరిక్ష నౌక కట్టడం. మీ సంస్కృతి అందరి మీదా పైచేయి కావడం. ప్రపంచ సభలో ఓట్లు గెలవడం. ఏదీ కాకపోతే 2050లో మార్కులు లెక్కబెడతారు, దాన్ని గెలుపని నేననను.

మొదటిసారికి నౌక దారి పట్టండి. కారణం ఒకటే. లైబ్రరీల నుంచి మీరు చేస్తూ వచ్చిన పనంతా అటే తీసుకెళ్తుంది. యూనివర్సిటీలు, పబ్లిక్ స్కూళ్లు, పరిశోధనశాలలు వచ్చినవి వచ్చినట్టు కట్టుకుంటూ పోండి. చివర్లో అపోలో ప్రాజెక్ట్, ఆ మీద ఆరు భాగాలు: బూస్టర్లు మూడు, ఇంజిన్, కాక్‌పిట్, స్టేసిస్ చాంబర్. వేరే ఊళ్లో కట్టినవాటిని రాజధానికి చేర్చాలి, దారిలో శత్రువు లేకుండా చూసుకోండి.

250వ టర్ను దాటాక ఆట నెమ్మదిస్తుంది. మొదట్లో పది నిమిషాల్లో ముప్ఫై టర్నులు పోయినవి, ఇప్పుడు ఒక్కో టర్నుకు నిమిషాలు పడతాయి. చేసే పనులు ఎక్కువ, తేల్చుకునేవి తక్కువ. దీని బలహీనత ఇదే, అభిమానులమని దాచిపెట్టక్కర్లేదు. గెలుపు ఖాయమని తెలిశాక మిగిలిన వంద టర్నులూ ఎంగిలాకులు ఎత్తడం లాంటివి. ఇక్కడ మాత్రం వర్కర్లను ఆటోమేట్ చేసేయండి. రెండో ఆట నుంచి, గెలిచేశానని మనసుకు తెలిసినచోటే వదిలేసినా తప్పులేదు. మొదటిది మాత్రం నౌక ఎగిరేదాకా ఆడండి.

ఆపడం

ఒక ఆట పూర్తవడానికి పది పదిహేను గంటలు మామూలే. ఒక్క రాత్రిలో అయ్యేది కాదు కాబట్టి ఆపడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే. "రెండు టర్నులాగి ఆపుతా" అనుకుంటే పని జరగదు, రెండు టర్నుల తర్వాత ఇంకో గిన్నె పొంగుతుంటుంది. గడియారం పెట్టుకున్నా మోగుతుంది, మీరు దాని నోరు మూస్తారు.

నాకు పనిచేసింది ఒకటే. ఏదో పూర్తయినప్పుడు కాదు, సగంలో ఉన్నప్పుడు ఆపడం. వండర్ ఇంకో ఆరు టర్నులుందనగా, సెట్లర్ దారిలో ఉండగా, యుద్ధం రేపోమాపో అనగా సేవ్ చేసి లేవండి. పూర్తయినచోట ఆపుదామనుకుంటే తర్వాతిది మొదలెట్టకుండా ఉండలేరు. సగంలో లేచేటప్పుడు తెగించి లేస్తారు. అయితే వారం తర్వాత తెరిస్తే ఎక్కడున్నామో, ఆ విలుకాణ్ణి కొండ మీద ఎందుకు నిలబెట్టామో గుర్తుండదు. అందుకని లేచేముందు ఒక చీటీ మీద రెండు ముక్కలు రాసి కీబోర్డు కింద పెట్టుకోండి.

పోయిన నెల మా ఆవిడ బల్ల తుడుస్తూ నా చీటీ ఒకటి చూసి, కాఫీతో పాటు తెచ్చి చేతిలో పెట్టింది. "అలెగ్జాండర్ సైన్యం నది దగ్గర. వాడికి గుర్రాలు అమ్మొద్దు. ఇనుము ఎక్కడైనా దొరుకుతుందేమో కనుక్కోవాలి." ఆఫీసులో అలెగ్జాండర్ ఎవరని అడిగింది.